మిగిలిన ఉక్కు ఉంగరం

"పెట్టె తెరవండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కంసాలి ఒరెస్తె తాళంచెవి కోసం జేబులు రెండుసార్లు తడుముకున్నాడు. అది మెడలోనే వేలాడుతోంది. నల్ల చొక్కా మీద వానకోటు వేసుకుని జిల్లా కేంద్రం నుంచి దిగిన ఈ మనిషి పొద్దున్నే దుకాణం ముందు కనబడేసరికి అతనికి సగం ప్రాణం అప్పుడే పోయింది. మిగతా సగం పెట్టెతోపాటు పోయేలా ఉంది.

పెట్టెనిండా పెళ్లి ఉంగరాలు. ఆఫ్రికాలో యుద్ధానికి బంగారం కావాలని నాయకుడు రేడియోలో అడిగాడు. మోంతెరాసో ఊరి ఆడవాళ్లు నిన్న వరసలో నిలబడి, వేళ్లకున్న ఉంగరాలు తీసి సైనికుడి ఇనప టోపీలో వేశారు. చర్చి పాదిరి దీవించి ఒక్కొక్కరికీ ఉక్కు ఉంగరం తొడిగాడు. బంగారం పరీక్షించి సంతకం పెట్టే పని పార్టీవాళ్లు ఒరెస్తెకి అప్పగించారు. వాళ్లకి తెలియనిది ఒక్కటే. ఆ టోపీలో పడ్డవాటిలో మూడొంతులు, వారం రోజులు నడుం విరిగేలా కూర్చుని అతను ఇత్తడితో చేసిన గిల్టు ఉంగరాలే. 'మా అమ్మ తొడుక్కున్న ఉంగరం ఒరెస్తె, కాస్త దారి చూడు' అని మొదట ఒకామె వచ్చింది. మర్నాడు పదిమంది వచ్చారు. కాదనలేకపోయాడు.

ఇన్‌స్పెక్టరు స్టూలు లాక్కుని కూలబడి, బూట్ల తాళ్లు వదులు చేసుకున్నాడు. "ఇది పన్నెండో ఊరు. తాగడానికి వేడిగా ఏమన్నా దొరుకుతుందా?"

"జెలిండా, కాఫీ," అని ఒరెస్తె వెనక గదిలోకి కేకేశాడు.

"ఇంట్లో ఒక మనిషుందని వారం నుంచి గుర్తులేదు. ఇప్పుడు కాఫీ గుర్తొచ్చిందా?" లోపల్నుంచి భార్య గొంతు వినిపించింది. "కాఫీపొడి లేదు, చికోరీయే ఉంది మరి."

"దేశమంతా చికోరీయేనమ్మా," అంటూ ఇన్‌స్పెక్టరు గీటురాయి దగ్గరికి లాక్కున్నాడు.

పెట్టెలో చెయ్యి పెట్టి ఒక ఉంగరం తీసి గీశాడు. ఆసిడ్ చుక్క వేశాడు. గీత బుసబుసమని పొంగి మాయమైపోయింది. రెండోదీ అంతే. మూడోది మాత్రం చెక్కుచెదరలేదు. అది బట్టలుతికే ఫిలోమేనాది అయ్యుంటుంది, ఆ వెర్రిబాగులదానికి మోసం చేతకాదు. నాలుగోది మళ్లీ మాయం.

గట్టిగా దగ్గినవాణ్ణి కూడా సముద్రం మధ్య దీవుల్లో పడేస్తున్న రోజులవి. పోయిన ఏడు బడిపంతుల్ని అలాగే లారీ ఎక్కించారు. ఇంతవరకు ఉత్తరం ముక్క లేదు.

"సంతకం మీదేనా?"

"నాదేనండి."

"అంతా మేలిమి అని రాశారు."

"ఈమధ్య చూపు సరిగ్గా ఆనడం లేదండి," ఒరెస్తె నీళ్లు నమిలాడు.

"పన్నెండు ఊళ్లలోనూ కంసాలులకి చూపు ఆనడం లేదు. ఇదేదో అంటుజబ్బులా ఉంది." ఇన్‌స్పెక్టరు ఉంగరాలు నాలుగూ పెట్టెలో పడేసి మూత వేశాడు. "పోనీండి. మేలిమే. అలాగే రాసి పంపుతాను."

ఒరెస్తె పెట్టెకి తాళం వేయబోయి ఆగాడు. "మరి... యుద్ధానికి?"

"తుపాకులకి సొమ్ము ఎక్కడో అక్కడ పుడుతుంది, అది మీ బెంగా కాదు, నా బెంగా కాదు." అతను కళ్లు నులుముకున్నాడు. "ఇత్తడి వేసినవాళ్లు వరసలో నిలబడ్డారా లేదా? ఉక్కు ఉంగరం తొడుక్కున్నారా లేదా? రేపు కొడుకుల్ని పంపమన్నా ఇలాగే నిలబడతారు. మాకు కావలసింది అదీ. ఉక్కు ఉంగరాల డబ్బా ఏది?"

ఒరెస్తె అట్టడబ్బా తెచ్చిచ్చాడు. ఇన్‌స్పెక్టరు దాన్ని బల్లమీద బోర్లించాడు. ఒక ఉక్కు ఉంగరం దొర్లి గీటురాయి పక్కన ఆగింది.

"ఒకటి మిగిలింది," అన్నాడు.

"ఎక్కువ పంపారేమోనండి."

"ఊళ్లో పెళ్లయిన ఆడవాళ్లు ఎంతమందో అన్నే పంపాం. మొన్నటిదాకా పోయినవాళ్లని కూడా తీసేశాకే. అంటే ఒకావిడ రాలేదు. ఇత్తడి తెచ్చినా ఊరుకునేవాణ్ణి. రాకపోతే ఊరుకోను. ఆవిడ ఒక్కతీ ఎందుకు రాలేదని రేపు ఇంకొకరు అడుగుతారు. ఆవిణ్ణీ మొగుణ్ణీ ఇద్దర్నీ లారీ ఎక్కించాలి."

ఒరెస్తె చాలాసేపటికి గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాడు. తన మెడమీది కత్తి ఇంకెవరి మీదికో జరిగింది. పాపం ఎవరో, అనుకున్నాడు. మంచంమీదున్న ముసలి అసుంతా దగ్గరికి కూడా టోపీ వెళ్లింది కదా, మరెవరై ఉంటారు? ఎవరైతేనేం. సిగ్గుగానే ఉంది, కానీ ప్రాణం తేలికపడింది.

"ఈ ఊళ్లో నాకు తెలియని వేలు లేదండి," అన్నాడు. "సాయంత్రంలోపు పేరు కనుక్కుని నేనే రాసిస్తాను."

"ఇవ్వండి. ఆ పని కూడా మీరే చేసిపెడితే ఈ చలిలో నాకు తిరుగుడు తప్పుతుంది." ఇన్‌స్పెక్టరు జేబులోంచి కాగితం తీసి, పెన్సిలు దానిమీద పెట్టి ఒరెస్తె ముందుకి జరిపాడు.

వెనక తలుపు తోసుకుని జెలిండా వచ్చింది. "చక్కెర కూడా లేదండీ, ఏమనుకోకండి," అంటూ ఇన్‌స్పెక్టరుకి కప్పు అందించింది.

ఆ కప్పు పట్టుకున్న చేతి వేలికి, ఇరవై ఆరేళ్ల కిందట చర్చిలో ఒరెస్తె తొడిగిన బంగారు ఉంగరం అలాగే ఉంది.