బోసిమెడ పిల్లలు

నా గదికి బయట తాళం. కిటికీ దగ్గరికొచ్చి మా నాన్న కోడిపిల్లల బుట్ట చువ్వలకు ఆనించాడు.

"వెటర్నరీ చదివించాను కదా, చెప్పి చావు! ఇవి ఏ పుంజు పిల్లలు?"

రాత్రి గుడ్డు పగిలి వచ్చిన పిల్లలు. చాలావాటికి మెడ మీద నూగే లేదు. చూడగానే తెలిసిపోయింది.

"పక్కింటి జోయెల్ వాళ్ల బోసిమెడ పుంజువి. ఆ మెడ దాని రక్తంలోదే."

"వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నానా! పెట్టను నా పందెం డేగ పుంజుతో షెడ్డులో పెట్టి తాళం వేశాను. గుడ్లన్నీ అక్కడే పెట్టింది."

"అంతకుముందే గోడ దాటి వెళ్లొచ్చింది నాన్నా. పుంజు వీర్యం పెట్ట కడుపులో రెండు మూడు వారాలైనా బతికే ఉంటుంది. తర్వాత మీదపడ్డ పుంజు నచ్చకపోతే దాని వీర్యాన్ని పెట్ట బయటికి నెట్టేస్తుంది. ఎవరి పిల్లల్ని కనాలో అదే తేల్చుకుంటుంది."

"చల్లపల్లి నుంచి ఏరి తెచ్చిన జాతి పుంజు అది!"

"ఏరింది నువ్వు. పెట్ట కాదు."

నాన్న ముఖం కందగడ్డయింది. "ఆ పెట్టను ఇప్పుడే కోసి పారేస్తా. నువ్వు కూడా విను. ఎల్లుండి ఉయ్యూరు కుర్రాడు నీ మెళ్లో తాళి కట్టేదాకా ఈ గది తాళం తియ్యను."

"తియ్యకు," అన్నాను, పొట్ట మీద చెయ్యేసుకుని. "నాకూ ఆలస్యంగానే వేశావు."