నవ్వని ఫోటో

"నవ్వుతున్న ఫోటో వద్దు సార్. సూటిగా చూస్తున్నది కావాలి," అన్నాడు మేకుల తాత.

రెండో సారుకి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? హత్య కేసులు తేల్చే పోలీసు టీమ్ మీద నడుస్తున్న టీవీ సీరియల్ అది. అందులో సెట్టింగులు వేసేవాళ్ళు వచ్చి ఫోటో అడిగారంటే ఆ వేషగాడి పని అయిపోయినట్టే. ఆ ఫోటోని స్టేషన్ సెట్లో ఎడమ గోడకున్న బోర్డుకి గుచ్చి, కింద ఎర్రసిరాతో 'హతుడు' అని రాస్తారు. ఆ బోర్డెక్కినవాడు మళ్ళీ మేకప్ గది మొహం చూడడు.

ఎందుకు తాతా ఫోటో అని గట్టిగా నిలదీశాడు. నాకేం తెలుసు సార్, డైరెక్టరమ్మ తెమ్మంది, అడుగుతున్నానని తాత నేల చూపులు చూశాడు. పొద్దస్తమానం నోట్లో మేకులు పెట్టుకుని గోడలు కొట్టుకునే ఆ మనిషికి అబద్ధమాడటం చేతకాదు. ఆడితే మేకు మింగినట్టు మొహం పెడతాడు. ఇప్పుడూ అలాగే పెట్టాడు.

ఆరేళ్ళుగా టీమ్‌లో రెండో అధికారి వేషం వేస్తున్నందుకు ఇతను సెట్లోనూ, కూరగాయల కొట్లోనూ కూడా రెండో సారే. పెద్ద సారు వేషగాడు పోయిన వారమే సినిమాలో వేషం దొరికి చక్కా పోయాడు. పాతవాళ్ళందరినీ ఊడ్చేసి కొత్త మొహాల్ని దింపుతారని లైట్లవాళ్ళు గుసగుసలాడుతూనే ఉన్నారు. మొన్న దర్జీ వచ్చి కొత్త యూనిఫారానికి కొలతలు తీసుకున్నాడు. అప్పుడే అనుమానించాల్సింది. ఉన్నది నిక్షేపంలా ఉండగా కొత్తదెందుకు, నెత్తురు పూయడానికి కాకపోతే.

పర్సులోంచి ఫోటో తీసి తాత చేతిలో విసిరినట్టు పెట్టాడు.

"పెద్దది చేయించుకో. నా చావు జనానికి బాగా కనబడాలిగా."

మధ్యాహ్నం దాకా ఓర్చుకుని, ఇక ఉక్రోషం పట్టలేక ఇంటికి ఫోన్ చేశాడు. భార్య సాంతం విని, కోపమొస్తే మీకు కళ్ళు కనబడవని నాలుగు దులిపి, చివరికి ఒక్క మాట చెప్పింది.

"ముందు అడగండి, తర్వాత అరవండి. అరిచాక అడిగితే ఎవరూ చెప్పరు."

బుద్ధిగా సరేనన్నాడు. ఫ్లోరు దాకా నడిచేసరికి ఆ బుద్ధి కాస్తా గాలికి పోయింది. యాభై దాటిన వయసు. సీరియల్లో చచ్చిన మొహాన్ని ఇంకో సీరియల్ వాళ్ళు ఓ పట్టాన పిలవరు. పిల్లలిద్దరూ ఇంకా చదువుల్లోనే ఉన్నారు. ఈ వేషం పోతే రోడ్డున పడాల్సిందే.

డైరెక్టరమ్మ మానిటర్ ముందు కూర్చుని ఉంది. వయసులో ఇతని చెల్లెలంత ఉంటుంది. ఆరేళ్ళూ ఆవిణ్ణి మీరు అనే పిలిచాడు.

"ఏమ్మా, నన్నెప్పుడు చంపుతున్నావు?"

ఆవిడ నవ్వింది. తొందరెందుకు సార్, సాయంత్రం సీన్లో మీరే చూస్తారుగా అంది. ముఖ్యమైన సీను కాగితం ముందుగా ఎవరికీ చూపించదు ఆవిడ. నటుడి మొహంలో నిజంగా పుట్టిన ఆశ్చర్యమే కెమెరాకి కావాలంటుంది. ఆ పిచ్చి యూనిట్ అందరికీ తెలిసిందే.

ఆ నవ్వే అగ్గి రాజేసింది. కథ రాయడం రాక మనుషుల్ని చంపుకుంటూ పోతున్నావన్నాడు. పోలీస్ స్టేషన్ గడప తొక్కని దానివి, నీకు పోలీసు సీరియల్ ఎందుకన్నాడు. ఇంకా ఏమేమి అన్నాడో అతనికే గుర్తులేదు, నోటికి హద్దూ పద్దూ లేకుండా పోయింది. తెరమీద గొంతు పెంచకుండా హంతకుల చేత నిజం కక్కించే ఆ మహానుభావుడు, చివరికి కుర్చీ ఎత్తి మానిటర్ మీదికి విసిరాడు. మానిటర్ కిందపడి పగిలింది.

"మళ్ళీ ఇక్కడ కాలు పెడితే నా చెప్పుతో నన్నే కొట్టు. ఎలా చంపుకుంటావో చంపుకో, నేను లేకుండా."

డైరెక్టరమ్మ మొహంలో నవ్వు ఎగిరిపోయింది. పగిలిన మానిటర్ని కాసేపు చూసింది. తర్వాత ఒళ్ళో ఉన్న కాగితాల్లోంచి ఒకటి లాగి అతనికిచ్చి, చదువుకోమంది.

'రెండో సారు గదిలోకి వస్తాడు. పెద్ద సారు కుర్చీ వెనక, ఇదివరకటి పెద్ద సార్ల ఫ్రేముల వరసలో, తన ఫోటో కనిపిస్తుంది. టీమ్ అంతా లేచి సెల్యూట్ కొడుతుంది. కొత్త పెద్ద సారుకి నోట మాట రాదు.'

నిజంగానే నోట మాట రాలేదు. తలెత్తి చూశాడు. పెద్ద సారు కుర్చీ వెనక మేకుల తాత స్టూలెక్కి, చేతిలో ఫ్రేముతో అలాగే నిలబడిపోయి ఉన్నాడు.

"పొరపాటైపోయిందమ్మా. మీరు... కోపంలో ఏదో..."

"కోపం నాకూ వస్తుంది సార్. 'చంపుకో, నేను లేకుండా' అన్నారు. అందరూ విన్నారు."

అంతే, అతని వైపు మళ్ళీ తిరగలేదు. రచయితని పిలిచి రెండో సారుని కథలో ఇవాళే చంపేయమంది. డూప్‌ని పెట్టి వెనకనుంచి తీస్తే చాలు, మొహం అక్కర్లేదంది. తర్వాత స్టూలు వైపు చూసింది.

"తాతా, బోర్డు కోసం వేరే ఫోటో కావాలా?"

తాత స్టూలు దిగాడు. నోట్లో మేకులు అరచేతిలోకి ఉమ్మేసుకుని, రెండో సారు వంక చూడకుండా చెప్పాడు.

"ఎందుకమ్మా, ఇదే సరిపోతుంది. ఫ్రేములోంచి తీసి ఎడమ గోడకి గుచ్చేస్తాను."