మిరపలో మంచిది

“మొదట ఎక్కడ కనిపిస్తుందక్కా?”

గాజుగది తలుపు తీయకముందే తమ్ముడు అడిగాడు. వచ్చినప్పటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“ఏది?” అంది అక్క, చేతితొడుగులు వేసుకుంటూ.

“అదే... టమాటాకి పడకపోతే.”

“లేత ఆకుల్లో. ఆకు మొదలు దగ్గర ఎండుతుంది, తర్వాత కాండం నల్లబడుతుంది. ఏమిట్రా, ఇవాళ ఇంత ఓపిగ్గా అడుగుతున్నావు? పోయినసారి ‘ఇచ్చెయ్ ఇచ్చెయ్’ అని నా ప్రాణం తీశావుగా!”

అతను నవ్వలేదు.

అతని తోటలో టమాటాకి వైరస్ సోకింది. ఆకులు మచ్చలు పడి ముడుచుకున్నాయి. అమ్మ పోయేముందు తీసి ఆరబెట్టిన విత్తనం అది. ఒక్క గింజ మిగల్చకుండా మొత్తం వేసేశాడు. అక్క పరిశోధనశాలలో అదే వైరస్ ఉన్న మిరపమొక్కలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. వాటిలో వైరస్‌తో పాటు శాటిలైట్ ఆర్‌ఎన్‌ఏ అనే చిన్న తునక ఉంది. అది తనంతట తాను పెరగలేదు. వైరస్ ఉన్నచోటే, దాని సొమ్ము తింటూ పెరుగుతుంది.

“వైరస్ ఇంట్లో ఇల్లరికపుటల్లుడన్నమాట!” అన్నాడు పోయినసారి తమ్ముడు.

“మిరపలో అల్లుడొచ్చాక మామ జోరు తగ్గింది. టమాటాలో ఏం చేస్తాడో తెలీదు. ఇక్కడ పరీక్ష పెడతాను, తేలేదాకా ఆగు” అంది అక్క. మిరపాకుల రసం తీసి టమాటా ఆకులకు ఎలా రుద్దుతారో చేసి చూపించింది. వెళ్లేముందు అతను మిరపమొక్కల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

ఇప్పుడు మళ్లీ అడిగాడు. “కనిపించాక మందేమన్నా ఉంటుందా?”

“ఏ మందూ లేదురా.”

“ముందే పట్టుకున్నా?”

“ముందే పట్టుకున్నా.”

తలుపు తీసింది. వైరస్ ఒక్కటే ఎక్కించిన టమాటా మొక్కలు గిడసబారినా నిలబడే ఉన్నాయి. శాటిలైట్ కూడా కలిపిన వరుస నల్లబడి కుండీల అంచుల మీదికి ఒరిగిపోయింది. మిరపను కాపాడిందే టమాటాను చంపింది.

అక్క గుండెమీద చెయ్యి వేసుకుంది. “గండం తప్పిందిరా. ముడుచుకున్నా నీ మొక్కలు నాలుగు కాయలు కాస్తాయి, గింజలు తీసుకుందాం. నువ్వు ఆగబట్టి అమ్మ విత్తనం దక్కింది.”

తమ్ముడు ఒరిగిన మొక్కనొకదాన్ని వేలితో పైకెత్తాడు. వేలు తీయగానే అది మళ్లీ పడిపోయింది.

“నేను ఆగలేదక్కా.”