టంకసాల తప్పు

“గిది గూడ నకిలీయే అమ్మా,” అంటూ ఓదెలు రెండో రూపాయి బిళ్ళను భూతద్దం కింద నుంచి తీసి పక్కన పెట్టాడు.

సత్యలక్ష్మి మొహం వాడిపోయింది. “టంకసాలలోనే అచ్చు తప్పిందని చెప్పి అమ్మారండీ. ఈ ఆరు బిళ్ళలకీ కలిపి మా ఆయన తొమ్మిది వేలు పోశారు.”

ఓదెలుకు ఎర్రగడ్డలో పాత నాణేల దుకాణం ఉంది. అచ్చు తప్పిన నాణేలను గుర్తుపట్టడంలో హైదరాబాదులో అతని తర్వాతే ఎవరైనా. అందుకే ఆ ఉదయం జూబ్లీ హిల్స్ నుంచి కారు వచ్చి అతన్ని ఎక్కించుకుంది. ఇంటాయన సత్యనారాయణమూర్తి సినిమాలకు సెట్లు వేసే కళాదర్శకుడు. అట్టతో కోటలు కట్టి ఊరందరినీ నమ్మించే మనిషి రూపాయి బిళ్ళ దగ్గర మోసపోయాడన్నమాట. ఓదెలుకు లోపల నవ్వొచ్చింది.

“సారు ఇంట్ల లేరా?”

“విశాఖపట్నంలో షూటింగండీ. ఆయన వచ్చేలోగా నేనైనా నాలుగు సంగతులు తెలుసుకుంటే, ఇంకోసారి మోసపోకుండా ఉంటాం.”

“లెక్క గింతే అమ్మా. టంకసాలల జరిగిన తప్పు పుట్టుమచ్చ. బయటికొచ్చినంక జరిగింది దెబ్బ. మచ్చకు పైసలొస్తయి, దెబ్బకు రావు.”

“రెండూ ఒకేలా ఉంటే ఎలా తెలుస్తుంది?”

ఓదెలు మొదటి బిళ్ళను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. దాని అంచు ఒకచోట నెలవంకలా తెగి ఉంది.

“చూడుండ్రి. గీ ముక్క అచ్చు పడకముందే పోయుంటే, దానికెదురుగున్న అంచు గూడ సరిగ లేవదు, మొద్దుగుంటది. గీడ ఎదురంచు మంచిగ నిలబడ్డది. అంటె తర్వాత ఎవడో ఆకురాయితోని రాకిండు.”

“ఎదురంచు కూడా మొద్దుబారి ఉంటే మీరు నమ్మేవారేనా?”

“నమ్మేటోన్నే. కని గంత తెలివి గీ దొంగలకు ఏడిది?”

మూడోదాని మీద సంవత్సరం అంకె సగం లేదు. అంకె ఉండాల్సిన చోట సన్నటి గీతలు చూపించాడు. అచ్చులో మట్టి ఇరుక్కుని అంకె పడకపోతే ఆ చోటు నున్నగా ఉంటుందని, గీతలుంటే గోకినట్టేనని చెప్పాడు. సత్యలక్ష్మి భూతద్దం అడిగి తీసుకుని తనూ చూసింది. నాలుగోది రైలు పట్టాల మీద పెట్టింది, అక్షరాలు సాగిపోయాయి. ఐదోది రాగి రంగులో మెరుస్తోంది. ఓదెలు సంచిలోంచి చిన్న త్రాసు తీసి తూచాడు.

“నిజంగ రాగి బిళ్ళ మీద అచ్చు పడితే బరువు వేరే ఉండాలె. గిది మామూలు రూపాయి బరువే. పైన పూత పూసిండు. మీ సినిమోళ్ళకు కోపమొస్తదేమో గని, తూకానికి నటన రాదమ్మా.”

“పోనీ, ఆ ఆరోది?”

ఆరో బిళ్ళను ఓదెలు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒకవైపు సింహాలు ఉబ్బెత్తుగా ఉన్నాయి. రెండో వైపు అవే సింహాలు అద్దంలో బొమ్మలా తిరగబడి, లోపలికి దిగి ఉన్నాయి. కొట్టిన బిళ్ళ అచ్చుకే అంటుకుపోయి, తర్వాతి బిళ్ళ దాని కింద పడితేనే అలా అవుతుంది. అలాంటిది తెస్తే పన్నెండు వేలిస్తానని నాణేలు కొనే బొంబాయి సేఠ్ ఒకడు చెప్పి రెండేళ్ళయింది. ఆ డబ్బు చేతికొస్తే సందులో కిరాయి దుకాణం వదిలేసి, రోడ్డు మీది దుకాణానికి బయానా ఇవ్వొచ్చు.

వ్యాపారంలో ఎంతసేపు చూస్తే అంత ధర. భూతద్దం పెడితే వెయ్యి పెరుగుతుంది, త్రాసులో వేస్తే ఇంకో రెండు వేలు. ఓదెలు ఆ రెండూ సంచిలో పెట్టేసి ఆవలించాడు.

“గిది గూడ నకిలీయే. రెండు బిళ్ళలు పెట్టి సుత్తెతోని కొట్టిండు.”

“అయితే మా పనిమనిషి ఎల్లమ్మతో అన్నీ చెత్తలో పోయిస్తాను.”

“జర ఆగుండ్రి. గా ఆఖరిది నాకియ్యుండ్రి. నకిలీ అంటె గిట్లుంటదని గిరాకీలకు చూపెడ్త. ఐదు వందలిస్త.”

“చెత్తకి ఐదు వందలెందుకండీ?”

ఓదెలు గొంతు సవరించుకున్నాడు. “మీ నష్టం చూసి పానం కొట్టుకుంటున్నది.”

“మూడు వేలు పెట్టి కొన్నారు దాన్ని. రెండు వేలన్నా రాకపోతే ఆయనకి ఏం చెప్పుకోను?”

బేరం పద్దెనిమిది వందల దగ్గర తెగింది. జేబులో ఉన్నదీ అంతే. వచ్చినందుకు ఆమె ఇవ్వబోయిన వంద నోటును ఓదెలు పెద్దమనసుతో వద్దన్నాడు. పది వేలు మిగిలే చోట వంద వదులుకుంటే పుణ్యం, పేరు రెండూ వస్తాయి. తను ఇందాక చేసిన నటనకు ఫిల్మ్ నగర్‌లో ఎవరూ వేషం ఇవ్వకపోయినా ఫరవాలేదనుకుంటూ కారెక్కాడు.

కారు గేటు దాటేదాకా సత్యలక్ష్మి వరండాలోనే నిలబడింది. తర్వాత తలుపు గడియపెట్టి, వెనక గదివైపు తిరిగి పిలిచింది.

“ఏమండీ, మీరు చేసిన ఆరోదాన్ని ఆయన కూడా పట్టుకోలేకపోయారు.”