కోదాడకు పోయే ఫోటో

"మల్ల గదే! ఖరాబ్ చేసినవ్ పో!" అంటూ జితేందర్ కెమెరాను శ్రీనాథ్ చేతిలో పెట్టాడు. "పెద్దగ చేసి సూడు. మా చెల్లె చూపు ఏడుందో నువ్వే చెప్పు."

శ్రీనాథ్ బటన్ నొక్కి, చిన్న తెర మీద సంగీత ముఖాన్ని పెద్దది చేశాడు. చీర మీది లేత ఆకుపచ్చ రంగు, చెవిదిద్దుల మెరుపు, చెంప మీదికి జారిన వెంట్రుక, అన్నీ ఉన్నవి ఉన్నట్టే పడ్డాయి. కళ్లే కుదరలేదు. ఎదురుగా చూడకుండా, ఎవరో పిలిస్తే చూసినట్టు, కొంచెం పైకి చూస్తున్నాయి.

వేములపల్లిలో సంగీత వాళ్ల వాకిట్లో పొద్దుటి నుంచీ ఇదే తంతు. ఆమె ఫోటో కోదాడలో పెళ్లికొడుకు వాళ్లకు పోవాలి. మేనమామ కోటయ్య తెల్లచొక్కా తొడుక్కుని అరుగు మీద సిద్ధంగా కూర్చున్నాడు. ఫోటో తేలితే మిర్యాలగూడలో ప్రింటు తీయించుకుని అటునుంచి అటే కోదాడ బస్సెక్కుతాడు. స్టూడియోలో అయితే పిల్ల బిగుసుకుపోతుందని, ఇంటి దగ్గరే తీస్తానన్నాడు అన్న జితేందర్. తన కెమెరా ఒక్కటే సరిపోదేమోనని ఎదురింటి దోస్తు శ్రీనాథ్‌ను కూడా పిలిచాడు. శ్రీనాథ్ సూర్యాపేటలో కొత్తగా కొన్న కెమెరా పట్టుకుని వచ్చాడు. రాకుండా ఉంటే బాగుండుననుకున్నాడు. ఉండలేకపోయాడు.

"నీది పది మెగాపిక్సెల్ అంటివి. నాది ఏడే. అయినా నాదాంట్ల సూడు, పిల్ల ఎంత సక్కగ సూస్తున్నదో!" అన్నాడు జితేందర్.

"నీదాంట్ల మొఖం నల్లగ పడ్డదిరా. చీర రంగే మారిపోయింది."

"రంగుదేమున్నది? కండ్లు ముఖ్యం. మామా, నువ్వు చెప్పు."

కోటయ్య చెరో చేతిలో చెరో కెమెరా పట్టుకుని మార్చి మార్చి చూశాడు. "శ్రీనాథ్ దాంట్ల పిల్ల కళగ ఉన్నది గని, మనసు ఏడనో ఉన్నది. నీదాంట్ల మనిషి ఈడనే ఉన్నది గని, కళ లేదు. రెండు కలిపి ఒకటి తియ్యరాదుర్రి? బస్సు టైమైతుంది."

శ్రీనాథ్ మళ్లీ తన కెమెరా అందుకున్నాడు. "కెమెరా దిక్కు సూడు సంగీతా."

"సూస్తనే ఉన్న గద," అంది సంగీత గోడకు ఆనుకుని.

అతను కెమెరాను ఛాతీ ముందు పట్టుకుని తెర మీదికి తల వంచాడు. సంగీత ముఖం చుట్టూ పచ్చటి గీతల చదరం వెలిగింది. ఎదురెదురు ఇళ్లే అయినా ఆమెను తేరిపార చూసే వీలు అతనికి ఎన్నడూ చిక్కలేదు. చేతిలో కెమెరా ఉంటే ఎంతసేపు చూసినా ఎవరూ ఏమీ అనరు. ఇది బాగా పడితే ఆమె కోదాడ వెళ్లిపోతుంది. చెడిపోతే ఇంకోసారి చూసుకోవచ్చు. చెడగొడదామా అనిపించింది కూడా. చేతులు రాలేదు. ఆమె ముఖం ఎక్కడున్నా బాగుండాలనే, ఊపిరి బిగబట్టి నొక్కాడు.

మళ్లీ అదే చూపు.

"నీ కెమెరాలనే ఏదో లోపమున్నది," తేల్చేశాడు జితేందర్. "దుకాణపోనికి వాపస్ ఇచ్చెయ్."

"కెమెరా మంచిదేరా."

"ఏది, ఇటు తే. నేను తీస్త."

జితేందర్ దాంతో ఒక ఫోటో తీసి చూసుకున్నాడు. అతని ముఖం వెలిగిపోయింది. రంగు బాగుంది, కళ బాగుంది, సంగీత కళ్లు సూటిగా ఎదుటికే చూస్తున్నాయి.

"గిదిరా ఫోటో అంటే! మామా లే, పోదువు!"

కోటయ్య చెప్పులు వెతుక్కున్నాడు. శ్రీనాథ్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. తన కెమెరాలోనే ఆమె కోదాడకు పోతోంది.

"సూసినవా, లోపం కెమెరాల లేదు, నీ చేతిల ఉన్నది," జితేందర్ ఎగతాళిగా తన కెమెరాను అతనికి అందించాడు. "ఇగో, నాదాంతోని తియ్యి, సూద్దాం."

"ఇంకెందుకురా? అయిపోయింది గద," అన్నాడు శ్రీనాథ్.

"ఒక్కటి తియ్యరాదు," అంది సంగీత.

శ్రీనాథ్ కాదనలేకపోయాడు. జితేందర్ కెమెరాను ఛాతీ ముందు పట్టుకుని తెర మీదికి వంగాడు. ఇదే ఆఖరనుకుంటూ ఆ చిన్న తెరలో ఆమెను చూసి చూసి నొక్కాడు.

జితేందర్ నవ్వుతూ కెమెరా లాక్కున్నాడు. చూడగానే నవ్వు ఆగిపోయింది. కెమెరా తనది. ఇన్నిసార్లు తీసినా ఒక్కసారీ పక్కకు పోని చూపు, ఇప్పుడు పైకి పోయింది.

అతను శ్రీనాథ్ నిలబడ్డ చోటే నిలబడి, కెమెరాను అలాగే ఛాతీ ముందు పట్టుకుని, ఫోటోలోని ఆ చూపు ఎక్కడికి పోతోందో చూశాడు. అది కెమెరాను దాటి, తీసేవాడి ముఖం దగ్గర ఆగుతోంది.

తల ఎత్తి చెల్లెలి వైపు చూశాడు. సంగీత కళ్లు దించలేదు. శ్రీనాథ్ మాత్రం దొరికిపోయినవాడిలా నేల చూపులు చూస్తున్నాడు.

"మామా, నువ్వు కూసో," అన్నాడు జితేందర్.

"అరె, బస్సు పోతదిరా!"

"పోనియ్యి. నాయనకు నేను చెప్త."

జితేందర్ శ్రీనాథ్ భుజం మీద గట్టిగా చెయ్యి వేశాడు.

"ఇగ డబ్బాల దిక్కు, నేల దిక్కు ఏం సూస్తవ్? తలెత్తి మా చెల్లెను సూడు బావా!"