చూడకూడని మనిషి

గ్లెనిబా చీలమండ వాచి గుమ్మడికాయంత అయింది.

నడక మొదలై పద్దెనిమిది రోజులు. షెయీ లోయలో పీచ్ తోటలు నరికేసి, గొర్రెల్ని చంపేసి, నవాహో జనాన్ని తూర్పుకి తోలుకుపోతున్నారు అమెరికా సర్కారు నీలికోటు సిపాయిలు.

కూర్చుండిపోయిన వాళ్ళని ఎవరూ లేపరు. వెనక తుపాకి ఒక్కసారి పేలుతుంది, అంతే.

"నీ అల్లుడు నిన్ను మోస్తానంటున్నాడమ్మా," అంది కూతురు యానబా, వీపున పసిదాన్ని సర్దుకుంటూ.

"ఏం, తనకి కళ్ళు అక్కర్లేదటా?"

అల్లుడు అత్త మొహం చూస్తే కళ్ళు పోతాయి. వాళ్ళ భాషలో అత్తకి పేరే 'చూడకూడని మనిషి'. ఎనిమిదేళ్ళుగా ఆవిడ ఇంట్లోంచి బయటికి వెళ్తే గానీ అల్లుడు హాష్కే లోపలికి వచ్చేవాడు కాదు. అత్తా అల్లుళ్ళ మధ్య ఒక్క మాట తేడా రాలేదు మరి.

హాష్కే వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చి, ఆవిడకి వీపు పెట్టి గొంతుక్కూర్చున్నాడు.

వీపుకి కళ్ళుండవు కదా. ఎక్కింది.

"యానబా, మీ ఆయన వీపంతా ఎముకలేనని చెప్పు."

"యానబా, మీ అమ్మలో బరువంతా నాలికదేనని చెప్పు."

యానబా కిసుక్కున నవ్వింది. బయల్దేరాక అదే మొదలు.

మోయడం మొదలైన మూడో రోజుకి హాష్కే మాటలు ఆగి, దగ్గు మొదలైంది. సిపాయిలిచ్చే పిండిలో తన వంతు పెళ్ళానికే పెడుతున్నాడని గ్లెనిబాకి తెలుసు. అతని గుండె దడదడ ఆవిడ పొట్టకి తగులుతోంది, వలలో పడ్డ కుందేలులా.

మధ్యాహ్నంలోగా రెండుసార్లు మోకాళ్ళ మీద పడ్డాడు. రెండోసారి, గుర్రం మీది సిపాయి తుపాకి చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు.

యానబా ఎక్కడో ముందు, ఆడవాళ్ళ గుంపులో, దుమ్ములో ఉంది.

"దించు నాయనా," అంది గ్లెనిబా.

మధ్యలో కూతురు లేకుండా అతనితో అన్న మొదటి మాట. హాష్కే ఉలిక్కిపడి, గొంతుక్కూర్చుని ఆవిడని దించాడు.

"కాలు తేలికపడింది. నీ వెనకే నడుస్తా. తిరిగి మాత్రం చూడకు. గుడ్డి మొగుడితో నా కూతురు వేగలేదు."

అతను లేచాడు. ఒక అడుగు. ఇంకో అడుగు. మెడ బిగబట్టుకున్నాడు గానీ, తిరగలేదు.

గ్లెనిబా దారి పక్కన రాతి మీద కూర్చుంది.

ఎనిమిదేళ్ళకి అల్లుణ్ణి తీరిగ్గా చూసుకుంది, వెనకనుంచే అయినా. ఎడమ భుజం కాస్త వంకర. ఫర్వాలేదు, మంచి సంబంధమే.

గుర్రం డెక్కలు వచ్చి ఆవిడ వెనక ఆగాయి.

"అత్తమ్మా, వస్తున్నారా?" దుమ్ములోంచి కేకేశాడు హాష్కే.

"వస్తున్నా, నువ్వు నడువు," అంది గ్లెనిబా, కూర్చునే.