కాలు కింద పెట్టనివ్వలేదు

తుంటి కీలు మార్చిన మూడు నెలలకు, భర్త ఆమెను చక్రాల కుర్చీలో డాక్టరమ్మ గదిలోకి తోసుకొచ్చాడు.

ఇన్నాళ్లూ వంట, స్నానం, జడ అన్నీ అతనే చూశాడు. మొగుడంటే ఇతనే అని పక్కింటివాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

డాక్టరమ్మ ఆమె తొడ నొక్కి చూసి ముఖం చిట్లించింది. "కండంతా కరిగిపోయిందే! రోజుకి ఎంతసేపు నడుస్తున్నారమ్మా?"

"నడవడమేంటండీ? ఆర్నెల్లదాకా కాలు కింద పెడితే కీలు జారిపోతుందన్నారట కదా!"

"ఎవరన్నారు? ఆపరేషనైన మర్నాటి నుంచే నడిపించాం. ఇంట్లోనూ నడిపించమని మీవారికి కాగితం మీద రాసిచ్చానే!"

"ఆస్పత్రిలో నడిపించింది పరీక్ష కోసమని చెప్పారే ఈయన..."

ఆమె మెల్లగా భర్త వైపు తిరిగింది. అతను ఆమె ఒళ్లో దుప్పటి సర్దుతున్నాడు.

"ఇప్పటికైనా నడిపిస్తే ఏడాదికి కోలుకుంటారు" అంది డాక్టరమ్మ.

"నేను చూసుకుంటానండీ" అని అతను కుర్చీ తిప్పాడు.

తలుపు దాటాక అతను ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"ఆ రోజు నన్నొదిలేసి పోతానని పెట్టె పట్టుకుని మెట్లు దిగబోయే కదా పడ్డావు" అన్నాడు ఎంతో ముద్దుగా. "ఇప్పుడు దిగు, చూద్దాం."